నలభై ఒక్క వాకిళ్లు

కంటి ఆపరేషన్ అయిన తరువాత చూపించుకోవడానికి మద్రాసు పోయాను. నా వంతు మధ్యాహ్నం మూడు గంటలకన్నారు. రెండు వీధుల అవతల మ్యూజియం ఉందని తెలిసి, ఎండపూట అక్కడ గడుపుదామని లోపలికి పోయాను. అక్కడ ఇటలీ దేశపు చిత్రకారిణి ఒకామె ప్రదర్శన జరుగుతోంది.

గోడల మీద బొమ్మలు లేవు. వంటింట్లో చేతులు తుడుచుకునే గుడ్డలున్నాయి. నలభై, యాభై ఉంటాయి. ఉతకనివి. ఒకదాని మీద టమోటా మరక, ఒకదాని మీద పెనం మసి, ఒకదాని అంచు కాలింది. ఒక్కో గుడ్డను మేకుకు తగిలించి పక్కన చిన్న చీటీ అంటించారు. తెలుగు వచ్చిన పిల్ల ఒకతె దగ్గరికొచ్చి, "తాతగారూ, ఇది కాన్సెప్చువల్ ఆర్ట్" అని మొదలుపెట్టింది.

"చేతిపని కాదు, తలంపు ముఖ్యం. అంతే కదమ్మా?" అన్నాను.

ఆ పిల్ల నా పంచె వైపు, నల్ల కళ్లద్దాల వైపు చూసి నవ్వింది. "ఈమె గురించి మీకు తెలుసా?"

తెలుసు. జమ్మలమడుగు శాఖా గ్రంథాలయంలో అట్ట ఊడిన ఇంగ్లీషు పత్రికలో ఈ గుడ్డల ఫోటోనే ముప్పై ఏళ్ల కిందట చూశాను. అప్పుడు ఆ ఫోటోలో చీటీలు చీమతలకాయలంత ఉండేవి. ఇప్పుడు ఒక్క కన్ను మూసి, మంచి కన్నుతో దగ్గరికి పోయి చదివాను. పేర్లు లేవు. ఒకటి, రెండు, మూడు, ఉత్త అంకెలు. ఇది నాకు అప్పుడే తెలిసివుంటే, నలభై ఒక్కమంది ఆడవాళ్ల మెడ మీదికి కత్తి తెచ్చివుండేవాణ్ణి కాదు.

ఆ పత్రిక నా చేత చదివించుకున్నది మా డ్రాయింగు టీచరమ్మ. ఆమె పోయి నాలుగేళ్లయిందట. పులివెందుల నుంచి రవికలు కుట్టించుకోవడానికి వచ్చినామె మాటల్లో చెబితే తెలిసింది. ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు. పేర్లు ఎక్కడ రాయాలో, ఎక్కడ రాయకూడదో నాకు నేర్పింది ఆమే.

నేను టైలరును. ఆడవాళ్ల బట్టలే కుడతాను. ఎనిమిదో తరగతితో బడి మానేసి, చాపాడు పక్కనున్న మా ఊరు వదిలి జమ్మలమడుగులో మిషను పెట్టుకున్నాను. నా మిషను గ్రంథాలయం ఎదురు పంచలో ఉండేది. సాయంత్రం పని కట్టేసి రోడ్డు దాటితే పుస్తకాలు. పదేళ్లలో ఆ గదిలో నేను ముట్టని బీరువా లేదు. లైబ్రేరియన్ సెలవు పెడితే తాళాలు నాకే ఇచ్చేవాడు. కార్డుల మీద కర్త పేరు, గ్రంథం పేరు, వరుస సంఖ్య ఎలా రాయాలో దానికి సంబంధించిన పుస్తకం చదివి నేర్చుకున్నాను. ఆ విద్య గురించి నాకు గర్వంగా ఉండేది.

టీచరమ్మ కిరస్తానీ మిషన్ బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పేది. అప్పటికి నలభై అయిదేళ్లుంటాయి. పెన్సిలు కొప్పులో గుచ్చుకుని ఊరంతా వెతికేది. ఆమెకు అందరూ అప్పలే. నేనూ అప్పనే, పాలవాడూ అప్పనే, తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరూ అప్పనే. "ఏమప్పా, కూర్చో, ఎండకొచ్చినావు" అన్నదట ఆయనతో. రవికకు జేబు కుట్టమని నాతో మూడు నెలలు పోట్లాడింది.

"ఆడోళ్ల రైకకు జేబేందమ్మా? సూసినోళ్లు నవ్వుతారు," అన్నాను.

"నవ్వేటోళ్లు వాళ్ల సుద్దముక్కలు యాడ పెట్టుకుంటారప్పా? నావి నాకు జేబులో ఉండల్ల," అంది.

కుట్టాను. నేను జేబు పెట్టి కుట్టిన రవిక అదొక్కటే.

దేన్నైనా చూసి బాగుందనేది కాదు. "చూసినా" అనేది. అదే ఆమె మెప్పు. తెల్లవారి నడకకు పోయినప్పుడు ఇళ్ల ముందు గొంతుక్కూర్చుని ముగ్గులు చూసేది. కిరస్తానీ ఆమె, ఆమె ఇంటి ముందు ఎప్పుడూ ముగ్గు లేదు. చిన్నప్పుడు వాళ్ల కాంపౌండులో వేయనిచ్చేవాళ్లు కాదట. ఒకసారి మా పక్కింటామె ముగ్గు ముందు కూర్చుని, "మూడో చుక్క కాడ చేయి ఆపినావు. ఎందుకు మే?" అని అడిగింది. ఆమె బిత్తరపోయి, "పాలు పొంగినాయమ్మా, లోపలికి పరిగెత్తినా" అంది. టీచరమ్మ ఆ రోజంతా బంగారం దొరికిన మనిషిలా తిరిగింది. "చూసినావా అప్పా, గీతలో పాలు కనపడినాయి" అని నాకు రెండుసార్లు చెప్పింది.

పాస్టరుగారు పిలిచి మందలించారు. ముగ్గుల ముందు మోకరిస్తున్నావని సంఘంలో అనుకుంటున్నారమ్మా అన్నారు. "అయ్యగారప్పా, అది పిండి. చీమలు తింటాయి. విగ్రహమైతే చీమలు తినవు" అందట. ఆయన నవ్వాలో కోప్పడాలో తెలియక ప్రార్థన చేసి పంపేశారు.

ఇటలీ ఆమె గుడ్డల ఫోటో చూపించి, "దీని కింద ఏం రాసుందో చెప్పప్పా" అని నన్నడిగింది. పెద్ద నిఘంటువు ముందు పెట్టుకుని రెండు సాయంత్రాలు కుస్తీ పట్టాను. ఒక చిన్న ఊళ్లో ఆడవాళ్లను ఇంట్లోని చేతిగుడ్డలు అడిగి తెచ్చి, వాటినే ప్రదర్శనగా పెట్టిందని, ఆమె తన చేత్తో ఏమీ గీయలేదని చెప్పాను. టీచరమ్మ ఆ ఫోటోను మళ్లీ దగ్గరికి లాక్కుని చూసింది. కొప్పులో నుంచి పెన్సిలు తీసి, మళ్లీ గుచ్చుకుంది.

"ఆయమ్మ అడిగింది చూడప్పా. అడిగితే ఇచ్చినారు," అంది చివరికి.

తరువాతి వారం ఆమె అడిగిన పని వినగానే వద్దన్నాను.

అవి ఊళ్ల ముఠాలు పార్టీల జెండాలు కట్టుకున్న రోజులు. ఏటికి అవతల ఒక పార్టీ, ఇవతల ఒక పార్టీ. జీపుల్లో తిరిగే పెద్దలూ, వాళ్ల వెంట తువ్వాళ్లలో ఏమో చుట్టుకుని తిరిగే మనుషులూ. చావు జరిగిన ఇంట్లో కొన్నాళ్లు ముగ్గు పెట్టరనేది అందరికీ తెలిసిందే. కాని మా పక్క పల్లెల్లో నరికి చంపిన మనిషి ఇంట్లో ఆ అంటు దినాలతో తీరేది కాదు. బదులు తీరేదాకా వాకిట్లో పిండి పడకూడదని మగవాళ్లు ఆన పెట్టేవాళ్లు. పొద్దున పేడనీళ్లు చల్లుతారు, ఊడుస్తారు, అంతే. బోసి వాకిలి అవతలి వాళ్లకు హెచ్చరిక: ఈ ఇల్లు ఇంకా మరిచిపోలేదు అని. అక్కడ ముగ్గు పడిందంటే ఆ ఇల్లు తల వంచిందని అర్థం. ఒక ఊళ్లో ఒక కోడలు పండగనాడు పొరపాటున నాలుగు గీతలు గీస్తే, మామ ఆమెను జుట్టు పట్టి ఈడ్చి, ఆ గీతలు ఆమె కట్టుకున్న చీరతోనే తుడిపించాడు. ఆ చీర తాలూకు రవిక నేను కుట్టిందే.

"ఆ వాకిళ్లు బోసిగుండాయి గాని, ఆ చేతులు ఊరకుంటాయాప్పా?" అంది టీచరమ్మ. "వాకిట్లో ఏసుంటే ఏది ఏసుందురో, అది కాయితం మీద ఏసియ్యమని అడుగుదాం. నీకాడికి రెండు పక్కలోళ్లూ రైకలకొస్తారు గదా."

"టీచరమ్మా, ఇది తెలిస్తే ఆడోళ్లను బతకనిస్తారా?"

"తెలీకుండా సేద్దాం. ఎవురిదో నీకూ నాకూ తప్ప తెలీదు."

ప్రొద్దుటూరు పోయి ఖాకీ కాగితం, తెల్ల మైనపు పెన్సిళ్లు తెచ్చింది. కుట్టిన రవిక మడతలో కాగితం, పెన్సిలు పెట్టి, వాకిట్లో వేసుండే ముగ్గు దీని మీద వేసి తెమ్మని మెల్లగా చెప్పి ఇచ్చేవాణ్ణి. తరువాతిసారి గుడ్డ తెచ్చినప్పుడు అందులో మడిచి తెచ్చేవాళ్లు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఒకామె రెండు కాగితాలు అడిగింది. ఒక పడుచుపిల్ల ఉత్త చుక్కలు పెట్టి తెచ్చి, "చుక్కలు పెట్టినానన్నా. గీత రాలే," అంది. అదీ తీసుకుంది టీచరమ్మ. "చూసినా" అంది.

ఇవతలి పార్టీ పెద్దాయన భార్య కూడా నా దగ్గరే కుట్టించుకునేది. జీపు దిగేది కాదు. నేనే పోయి కిటికీ దగ్గర గుడ్డ తీసుకోవాలి. పెద్దాయన తమ్ముణ్ణి అవతలి వాళ్లు నరికి నాలుగేళ్లయింది. నాలుగేళ్లుగా ఆ వాకిలి బోసి. ఆమెకు కాగితం పెట్టవద్దని నేను టీచరమ్మను బతిమాలాను. ఆమె వినలేదు. వారం తరువాత డ్రైవరు ఇచ్చిన మూటలో ఆ కాగితం తిరిగొచ్చింది. టీచరమ్మ విప్పి ఒక్కసారి చూసి, "ఎడంచేతి అమ్మి" అంది. నిజమే, మెలికలన్నీ ఎడమ పక్కకే తిరిగి ఉన్నాయి. ఆమె ఎడమ చేతివాటమని కిటికీ దగ్గర గుడ్డ అందుకునే నాకు తెలుసు. కాని ముగ్గులో అది కనపడుతుందని తెలియదు.

మూడు నెలల్లో నలభై ఒకటి చేరాయి. గ్రంథాలయ వారోత్సవాల్లో చదువుకునే గదిలో పెట్టడానికి కమిటీ ఒప్పుకుంది. వాళ్లకు చెప్పింది ముగ్గుల ప్రదర్శన అని మాత్రమే. రిటైరైన హెడ్మాస్టరు చేత ప్రారంభం అనుకున్నారు. ఇంతలో పెద్దాయనకు పార్టీ టిక్కెట్టు ఖాయమైంది. కమిటీ అధ్యక్షుడు హెడ్మాస్టరును పక్కకు తప్పించి పెద్దాయననే పిలిచాడు.

అప్పుడు టీచరమ్మ ఊళ్లో లేదు. వాళ్లక్కకు బాగాలేదని పులివెందుల పోయింది, ప్రారంభం నాటి పొద్దున బస్సుకు వస్తానంది. కాగితాలు గోడకు కొట్టే పని నాది. ఫోటోలో గుడ్డల పక్కన చీటీలు చూశాను కదా. పుస్తకానికి కర్త పేరు లేకపోతే అది అనాథ అని చదివాను కదా. ఈ ఆడవాళ్లు ఇంత పని చేసి పేరు లేకుండా పోవాలా అనుకున్నాను. పెద్దాయన వచ్చేది రిబ్బను కత్తిరించి ఫోటో దిగడానికి, చీటీలు చదవడానికి కాదు అనుకున్నాను. రెండు రోజులు కూర్చుని కేటలాగు కార్డుల మీద గుండ్రటి అక్షరాలతో రాశాను. పేరు. ఊరు. వరుస సంఖ్య. ఒక్కో కాగితం కింద ఒక్కో కార్డు గుండుసూదితో గుచ్చాను. గది మధ్యలో నిలబడి చూసుకుంటే నా కళ్లకే ముచ్చటేసింది.

టీచరమ్మ బస్సు దిగి, బస్టాండులో పెద్దాయన వస్తున్నాడని కట్టిన బేనరు చూసి నేరుగా వచ్చింది. మొదటి గోడ దగ్గర ఆగింది. ఒక కార్డు చదివింది. రెండోది. మూడోది.

"ఏందప్పా ఇవి?"

"కార్డులమ్మా. కర్త పేరు, ఊరు, నంబరు. లైబ్రరీ పద్ధతి."

"పీకు."

"రెండు దినాలు రాసినా టీచరమ్మా. ఆ ఇటలీ ఆయమ్మ గూడా..."

"పీకప్పా! వాళ్ల ఇండ్లల్లో దీపమారింది చాలదా, ఈ ఆడోళ్లను గూడా సంపాల్నా నువ్వు? ఎవురొస్తాండారో తెలుసా ఈడికి?"

అప్పుడు తెలిసింది నేను ఏం చేశానో. తెలిసేసరికి బజారు మలుపులో జీపుల చప్పుడు. ఒక గోడ ఆమె, ఒక గోడ నేను. గుండుసూదులు వేళ్లకు గుచ్చుకుంటున్నాయి. ఆమె పీకినవి నా చేతిలో కుక్కింది. నలభై ఒకటీ చొక్కా జేబులో దూర్చాను. జేబు గుడ్లు పెట్టే కోడిలా ఉబ్బింది. గుమ్మంలో చెప్పుల చప్పుడు.

పెద్దాయన తెల్లబట్టల్లో, మెత్తటి నవ్వుతో వచ్చాడు. ఎన్నికల కాలం కాబట్టి నవ్వు ఎక్కువగానే ఉంది. వెనక ఎర్ర తువ్వాలు మెడలో వేసుకున్న మనిషి. వాడు గదిలోకి రాగానే కిటికీలు చూశాడు, బల్లల కింద చూశాడు, తరువాత నన్ను చూశాడు.

"జేబులో ఏంది బా? లావుగుండాది."

నేను జేబు మీద చేయి అడ్డం పెట్టుకున్నాను.

"నిన్నే. ఏంది? బాంబా?" అని చేయి చాచాడు. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. వాడి రెండు వేళ్లు పై కార్డు అంచును పట్టుకున్నాయి.

"ఆడోళ్ల రైక కొలతలప్పా," అంది టీచరమ్మ. గొంతు పెద్దది చేసుకుని అంది. "సదువుతావా? గెట్టిగా సదువు. ఎవురిది ఎంత సుట్టుకొలతో అందరమూ ఇంటాం. మీ ఇంటామెది గూడా ఉంటాది."

గది గొల్లుమంది. తువ్వాలు మనిషి చెవులు ఎర్రబడ్డాయి. "రేయ్, ఇడ్చిపెట్రా ఆయప్పను" అన్నాడు పెద్దాయన నవ్వుతూనే. ఆ రెండు వేళ్లు వదిలాయి.

రిబ్బను కత్తిరించాడు. ముగ్గులు మన ఆడపడుచుల సొత్తని నాలుగు మాటలు మాట్లాడాడు. తరువాత గోడ వెంట నడవడం మొదలుపెట్టాడు. చేతులు వెనక్కు కట్టుకుని, ఒక్కోటీ చూస్తూ. ఖాళీ గుండుసూది రంధ్రాలు నా కళ్లకు బావుల్లా కనపడుతున్నాయి.

"ఎవురేసినారు టీచరమ్మా ఇయ్యన్నీ?"

"ఆడోళ్లు."

"ఏ ఊరోళ్లు?"

"శానా ఊళ్లోళ్లు."

"మా ఊరోళ్లవి గూడా ఉండాయా?"

నవ్వు ముఖాన అలాగే ఉంది, కళ్లలో లేదు. పల్లెల్లో బోసి వాకిళ్లు ఎన్ని ఉన్నాయో, ఎవరివో అతనికి బాగా తెలుసు. ఆమె లేదంటే అబద్ధం. ఉన్నాయంటే తరువాతి ప్రశ్న ఎవరివి అని.

"నువ్వే చూసి చెప్పప్పా," అంది టీచరమ్మ. "దినామూ దాటేది నువ్వే గదా."

ఎందుకంత మాట అంది? అతను గుర్తుపట్టడని తెలిసే అందా? గుర్తుపట్టాలని అందా? ఆమెను ఎప్పుడూ అడగలేకపోయాను.

పెద్దాయన పందెం కట్టిన మనిషిలా మళ్లీ మొదటి నుంచి నడిచాడు. నాలుగో గోడ మీద మూడోది అతని భార్యది. నేను కిటికీ వైపు చూద్దామనుకుని చూడలేకపోయాను. దాని ముందుకు వచ్చాడు. మెలికలన్నీ ఎడమకు తిరిగిన ముగ్గు. ఏడేళ్లు, తమ్ముడు పోయేదాకా ప్రతి పొద్దూ ఆ మెలికల మీదుగా కాలు వేసి జీపెక్కిన మనిషి. ఒక్క క్షణం కూడా ఆగలేదు. పక్కదానికి పోయాడు.

ఇంకో రెండు దాటి ఒకదాని ముందు ఆగాడు. "ఇది," అన్నాడు. "ఇట్లాటిది ఉండేది మా వాకిట్లో. అచ్చం ఇట్లే. తమ్ముడున్నెప్పుడు." గొంతులో ఏదో మెత్తబడింది. "దీన్ని నేను తీస్కపోతా టీచరమ్మా."

అది అవతలి పార్టీ ఆమెది. ఆమె భర్తను చంపిన కేసులో పెద్దాయన మనుషులే ముద్దాయిలు. టీచరమ్మ కళ్లు నావైపు ఒకసారి తిరిగి, పోయాయి. తువ్వాలు మనిషి కాగితం చించకుండా జాగ్రత్తగా ఊడదీసి, చుట్టి పట్టుకున్నాడు.

జీపులు పోయాక కుర్చీలో కూలబడ్డాను. "గండం గడిసింది టీచరమ్మా. గుర్తుపట్టలే."

ఆమె పెద్దాయన భార్య కాగితం ముందే నిలబడి ఉంది. "అవునప్పా. దాటుకోని పోయినాడు," అంది. ఆ గొంతులో నేను అనుకున్న సంతోషం లేదు.

కార్డులు నా ఇస్త్రీపెట్టెలో బొగ్గుల మీద వేసి మూత మూసింది. నా గుండ్రటి అక్షరాలు కాలుతుంటే, నన్ను తిట్టలేదు. "పేరు పెట్టల్లనుకున్యావు. తప్పు గాదు. పెట్టేకి ఇది కాలం గాదు," అంది. మిగిలిన నలభై కాగితాలూ వచ్చిన దారినే, రవికల మడతల్లో, ఎవరివి వాళ్లకు పోయాయి.

పదిహేను రోజులకు పెద్దాయన భార్య జీపు వచ్చింది. డ్రైవరు బీడీలకు పోయిన సందు చూసి కిటికీలో నుంచి నన్ను పిలిచింది.

"ఆ కాయితం అద్దం కట్టించి నడవలో తగిలించినాడన్నా. అది ఎవురి చేయో నాకెరికే. నా చిన్నాయన కూతురుది. ఇద్దరమూ ఒక్క అవ్వ కాడ నేర్చుకున్యాం."

"సెప్పినావా అక్కా?"

"సెప్తే ఇంగేమన్నా ఉందా! టీచరమ్మకు మాత్రం ఒక మాట సెప్పు. ముగ్గును ఆయనే చేతులారా లోపలికి తెచ్చినాక, వాకిలికి ఇంగేం ఆన? రేప్పొద్దున ఏస్తాండా. ఏమైతే అదైతాది."

ఆ మాట చెప్పినప్పుడు టీచరమ్మ పిల్లల బొమ్మలు దిద్దుతోంది. దిద్దడం ఆపి, "మొదటి బస్సు ఎన్నింటికప్పా?" అంది.

"ఆ ఊరికి యాడ పోతావమ్మా? ఆ మనుషుల నడమ..."

"అమ్మి ఏస్తానంటాంది. చూసేటోళ్లుంటే చేయి లేస్తాదా? లేస్తే గూడా ఒకరు చూసినట్టుంటాది. నువ్వు రాకుంటే మానె."

పోయాను. భయం లేక కాదు. ఆ కాగితం రవికలో పెట్టి ఇచ్చిన చేయి నాది.

బస్సు ఊరి మొదట్లో దింపింది. పెద్దాయన ఇల్లు రోడ్డుకు ఎదురుగానే. రాతి తోరణం, దాని కింద ఇద్దరు మనుషులు, రోడ్డు పక్కన ఇంజను ఆడుతున్న జీపు. ఒకడు తువ్వాలు మనిషి. "కొలతలాయన! ఏంది పొద్దున్నే?" అన్నాడు. నేను మాట వెతుక్కుంటుంటే, "చూసేకి వచ్చినామప్పా" అని టీచరమ్మ వాకిలి చూపించింది.

వాడు అప్పుడు చూశాడు. వాడి వెనకే ఉంది ముగ్గు. తడి నేల మీద తెల్లగా, మెట్టు నుంచి తోరణం దాకా. వాడు అక్కడే కాపలా కాస్తూ దాన్ని చూడలేదు. ముఖం పాలిపోయింది. "అన్నా," అని కేక వేయబోయి, ఏమని పిలవాలో తెలియక ఆగిపోయాడు.

లోపల గొంతులు, చెప్పుల చప్పుడు. పెద్దాయన బయటికి వచ్చాడు. ఎవరితోనో మాట్లాడుతూ తల వెనక్కు తిప్పి, మెట్టు దిగడానికి కాలెత్తాడు. కాలు గాలిలోనే ఆగింది.

దించలేదు. వెనక్కు తీసుకుని మెట్టు మీద నిలబడి చూశాడు. బొక్కెన పట్టుకున్న ఎదురింటామె అలాగే నిలబడింది. నాలుగేళ్ల తరువాత ఆ వాకిట్లో పిండి పడిందని ఆ ఊరికి అర్థమైపోయింది. ఇప్పుడు ఇతను దాన్ని తుడిపిస్తాడా, తుడిపిస్తే ఎవరి చీరతో తుడిపిస్తాడు, అదొక్కటే మిగిలింది.

"అన్నీ ఎడంపక్కకే తిరిగుండాయే," అన్నాడు మెల్లగా, తనలో తాను. తరువాత తలెత్తి టీచరమ్మను చూశాడు. అతని కళ్లు ఏదో గోడ వెంట నడుస్తున్నట్టు కదిలాయి. "ఈ పక్కకు తిరిగింది ఒకటి ఆ పొద్దు ఆడ చూసినా."

టీచరమ్మ ముగ్గు వైపే చూస్తోంది.

"అది మా ఇంటిదేనా టీచరమ్మా? నిజం చెప్పు."

నేను ఆమె ముఖం చూశాను. చెబితే మా మాట తప్పినట్టు. చెప్పకపోయినా అతనికి తెలిసిపోయింది.

"నన్నడిగితే నేను చెప్పనప్పా," అంది. చేతులు కట్టుకోలేదు. "లోపలుండాది గదా మనిషి. అడుగు పో."

అలా ఆ వాకిట్లో అతనితో ఎవరూ మాట్లాడి ఉండరు. తువ్వాలు మనిషి ఒక అడుగు ముందుకేశాడు. పెద్దాయన చేయెత్తి ఆపాడు. జీపు ఇంజను ఆడుతూనే ఉంది. అతను ముగ్గును ఇంకొకసారి చూసి, వెనక్కు తిరిగి, ఇంట్లోకి పోయాడు. తలుపు మూసుకుంది.

మేం రోడ్డు దగ్గరికి వచ్చి నిలబడ్డాం. తలుపు వైపే చెవులు పెట్టుకుని ఉన్నాం. అరుపు రాలేదు. దెబ్బ చప్పుడు రాలేదు. జమ్మలమడుగు బస్సు వచ్చి ఆగింది. కండక్టరు "ఎక్కండమ్మా, ఎక్కండి" అన్నాడు.

టీచరమ్మ అతన్ని చూసి తల అడ్డంగా ఊపింది. "నువ్వు పోప్పా. మేం తర్వాతి దానికొస్తాం."

ఆ తరువాతి బస్సు కూడా పోనిచ్చాం.